బూబా బట్టల మీద పసుపు

మంగళవారం ఉదయం ఎనిమిదిన్నరకు కోరల్ ఫోన్ చేసింది. ములింగార్ ఆసుపత్రిలో హెట్టీ శాండ్లర్ చనిపోయి అప్పటికి పదమూడు గంటలైంది. వయసు తొంభై ఒకటి. కారణం కోవిడ్. అది 2021 జనవరి.

కోరల్ డబ్లిన్‌లో ఉంటుంది. అక్కడి యూదుల్లో ఆడవాళ్లు చనిపోతే స్నానం చేయించి, బట్టలు తొడిగి, పెట్టెలో పడుకోబెట్టే బృందానికి పెద్ద. అంతకుముందు నలభై ఏళ్లు ఆ బాధ్యత హెట్టీది.

"ఆమె బట్టలు మీ ఇంట్లోనే ఉన్నాయి, జ్ఞానా," అంది కోరల్. "తెల్ల నార బట్టల మూట. తను పోయినప్పుడు వేయడానికి 1988లో తనే కుట్టుకుంది. పదకొండింటికి అంత్యక్రియల వాళ్ల కారు మీ గేటు దగ్గరికి వస్తుంది. మూట ఇచ్చెయ్. రెండింటికి ఖననం."

జ్ఞానేశ్వరి సరేనంది. మూట ఎక్కడుందో ఆమెకు తెలుసు. అవి చావు బట్టలని మాత్రం ఆ నిమిషందాకా తెలియదు.

జ్ఞానేశ్వరిది తెనాలి. అత్లోన్‌లో ఒక మందుల ఫ్యాక్టరీ ల్యాబులో కెమిస్టు. భర్త ఆడమ్ హెట్టీకి మనవడు. అతనికి శుక్రవారం పాజిటివ్ వచ్చింది, మేడ మీద గదిలో ఉన్నాడు. ఆమెకు నెగిటివ్ వచ్చింది, అయినా గేటు దాటకూడదు. శ్మశానంలోకి పదిమందినే రానిస్తారు. ఆ పదిమందిలో ఈ ఇంటివాళ్లు లేరు.

హెట్టీని ఇంట్లో అందరూ బూబా అంటారు, అంటే బామ్మ. లిమరిక్‌లో పుట్టింది. పెళ్లయ్యాక అత్లోన్ వచ్చింది. 1974లో భర్త పోతే బట్టల కొట్టు తనే నడిపి నలుగురు పిల్లల్ని పెంచింది. ప్రతి శుక్రవారం పొద్దు గూకేలోపు లండన్, మాంచెస్టర్, హైఫాల్లో ఉన్న పిల్లలకీ మనవలకీ వరసగా ఫోన్లు చేసేది. అందరినీ అడిగేవి రెండే ప్రశ్నలు. తిన్నావా? ఈ వారం ఎవరితో గొడవ పడ్డావు? ఎవరితోనూ లేదంటే నమ్మేది కాదు.

2020 మార్చి ఆఖర్లో, లాక్‌డౌన్ పెట్టగానే, ఎవరింటికి వెళ్తావని పిల్లలు అడిగితే ఆడమ్ ఇంటికి అంది. "జ్ఞానా వంటింట్లో మాంసం ఉండదు. దేవుడికి కూడా తనిఖీ చేసే పనుండదు," అంది. యూదులకు మాంసం విషయంలో నియమాలెక్కువ. పప్పూ అన్నం తిని పది నెలలు ఉంది.

వచ్చిన రోజు ఆమె పెట్టె సర్దింది జ్ఞానేశ్వరి. అడుగున తెల్లబట్టలు కనిపించాయి. పైజామా, చొక్కా, పొడుగు అంగీ, నడికట్టు, తలగుడ్డ. ఎప్పుడూ తొడిగినట్టు లేవు. రాత్రి వేసుకునే కొత్త బట్టలనుకుంది. కొత్త బట్టకు పసుపు పెట్టకుండా ఆమె పుట్టింట్లో ఎవరూ కట్టరు. అంగీ అంచు మూల వేలితో పసుపు అద్ది, మూట కట్టి, బీరువాలో పై అరలో పెట్టింది.

ఇప్పుడు మూట విప్పింది. మరక అలాగే ఉంది. టైము తొమ్మిదీ పది.

అంగీని సింకులో తడిపి సబ్బుతో రుద్దింది. మరక ఎర్రబడింది. పసుపుకు సబ్బు తగిలితే ఎర్రబడుతుందని ఆమెకు తెలుసు. పదకొండేళ్లుగా ల్యాబులో పనిచేస్తోంది. చేతికి ఆ ఆలోచన రాలేదు. తెల్ల నార మీద అది నెత్తురులా ఉంది.

తల్లి సరోజమ్మకు వీడియో కాల్ చేసింది.

"సబ్బెట్టి రుద్దావా? చదివిన చదువంతా ఏట్లో కలిపావా?" అంది సరోజమ్మ. "నిమ్మకాయ పిండు. పిండి ఎండలో ఆరెయ్, పోద్ది."

"ఎండెక్కడిదమ్మా? జనవరి. బయట వాన."

"ఎండ లేని దేశమెందుకెళ్లావే మరి? అది సరేగానీ, పోయినావిడ బట్టలకి పసుపేంటే?"

"అప్పుడు నాకు తెలీదమ్మా."

"ఆవిడకన్నా తెలుసా?"

జ్ఞానేశ్వరి ఫోను పక్కన పెట్టింది. నిమ్మకాయ పిండింది. ఎరుపు పోయి మళ్లీ పసుపు వచ్చింది. ఇందాక వేలిముద్రంత ఉన్నది ఇప్పుడు అరచేతంత అయింది. పదీ ఐదు.

ఇస్త్రీపెట్టెతో ఆరబెట్టింది. కత్తెర తీసింది. మూల కత్తిరిస్తే మరక పోతుంది. కత్తిరించిన బట్ట పనికొస్తుందో రాదో తెలియదు.

"జ్ఞానా, ఏం చేస్తున్నావ్?" మేడ మీద నుంచి ఆడమ్ దగ్గుతూ అడిగాడు.

"బట్టలు సర్దుతున్నా."

"బాగానే ఉన్నాయా?"

"పడుకో నువ్వు."

పదీ ఇరవైకి కోరల్‌కు ఫోన్ చేసి మొత్తం చెప్పింది.

"పసుపు ఎప్పుడు పెట్టావు?" అని అడిగింది కోరల్.

"మార్చిలో. తను వచ్చిన రోజు."

"మా పస్కా పండుగ ఆ తర్వాత ఏప్రిల్‌లో వచ్చింది. ప్రతి ఏడాదీ పస్కా ముందు ఆ మూట విప్పుతుంది హెట్టీ, చిమ్మటలు కొట్టాయేమో చూడ్డానికి. చూసే ఉంటుంది."

"నాతో ఏమీ అనలేదు."

"కుట్టు వంకర పోయిందని నా చేత మూడుసార్లు విప్పించిన మనిషి. చూసి ఊరుకుందంటే అది ఆమె ఇష్టం. కత్తెర లోపల పెట్టు."

"తొడిగేటప్పుడు మీవాళ్లు ఏమైనా అంటే?"

"తొడగరమ్మా," అంది కోరల్. "నీకెవరూ చెప్పలేదా? కోవిడ్ కేసు. ఆమెను ఉంచిన సంచీ విప్పకూడదు. స్నానం లేదు. బట్టలు సంచీ మీద పరిచి పెట్టె మూత వేస్తారు. మా ఆడవాళ్లను ఆసుపత్రిలోకి రానివ్వరు. కారాయనే పరవాలి. నాకీ పని నేర్పింది ఆమే. ఆమెకు చెయ్యడానికి నాకు వీల్లేదు."

ఏది ముందో ఏది తర్వాతో కోరల్ చెప్పింది, జ్ఞానేశ్వరి కాగితం మీద రాసుకుంది. పైజామా, చొక్కా, పైన అంగీ, దాని మీద నడికట్టు, తల దగ్గర తలగుడ్డ. ఎక్కడా ముడి వేయకూడదు.

పదకొండుకు ఐదు నిమిషాలుండగా కారు వచ్చింది. ఫాలన్ అనే అతను మాస్కుతో దిగాడు. అరవై ఏళ్లుంటాయి. ఆమె మూటా కాగితమూ గోడ మీద పెట్టి వెనక్కి జరిగింది.

"ముప్ఫై ఏళ్ల సర్వీసు నాది. యూదుల పని ఇదే మొదటిసారి," అన్నాడు.

"కాగితం ఒకసారి పైకి చదవండి."

చదివాడు. నడికట్టు దగ్గర తప్పాడు. మళ్లీ చదివించింది. మూడోసారి కూడా.

"చిన్నప్పుడు చర్చిలో నా ఫస్ట్ కమ్యూనియన్‌కి వేసుకున్న సూటు ఆమె కొట్లోదే," అన్నాడు. "ఒక సైజు పెద్దది అంటగట్టింది. ఎదుగుతావులే అని. ఎదగలేదు, చూస్తున్నారుగా."

జ్ఞానేశ్వరి నవ్వలేదు. "ముడి మాత్రం వేయకండి," అంది.

"అలాగే. వెయ్యను."

కారు వెళ్లిపోయింది. ఆమె ఫోను చేతిలో పట్టుకుని వంటింట్లో నిలబడింది. పన్నెండయింది. పన్నెండూ పది. కాగితం మీద తన రాత అతనికి అర్థమవుతుందా? చొక్కాకూ అంగీకీ తేడా తెలుస్తుందా?

పన్నెండూ ఇరవైకి ఫోన్ మోగింది.

"ఫాలన్‌ని. అన్నీ మీరు రాసినట్టే పరిచాను. ముడి లేదు. మూత వేయబోతున్నా. ఒక్క సంగతి. అంగీ మూల పచ్చగా ఉంది. అది లోపలికి మడవనా, పైకి ఉంచనా? డబ్లిన్ ఆవిడ ఫోన్ ఎత్తడం లేదు. మళ్లీ విప్పడం ఉండదు, ఇప్పుడే చెప్పాలి."

మడిస్తే ఎవరికీ తెలియదు. మూత పడ్డాక ఎలాగూ ఎవరూ చూడరు.

"ఆ మూల ఆమె చేతి వైపు ఉందా?" అని అడిగింది.

"ఉంది. కుడిచేయి ఉండే చోటే."

"పైకి ఉంచండి."

"పైకేనా?"

"పైకే."

అవతల అతను ఫోను బల్ల మీద పెట్టిన చప్పుడు వినిపించింది. తర్వాత చెక్క మీద చెక్క పడింది. జ్ఞానేశ్వరి ఫోను చెవి నుంచి తీయలేదు.

"అయింది, మేడమ్," అన్నాడు ఫాలన్.

మేడ మీద తలుపు తెరుచుకుంది. "మూత వేశారా?" అని అడిగాడు ఆడమ్.

"వేశారు," అంది. అన్నిటికన్నా కింది మెట్టు మీద కూర్చుంది. "ఆ బట్టల గురించి నీకొకటి చెప్పాలి. కిందికి రాకు, అక్కడే కూర్చో."