మాయమైన మూడు పేర్లు

కుట్టుపని చేసే అక్కకు మనుషుల మీద కన్నా తాళాల మీద నమ్మకం ఎక్కువ. కత్తెరను కూడా సొరుగులో పెట్టి తాళం వేసేది. అలాంటి మనిషి, తాము కుట్టే బొంతలను ఆన్‌లైన్‌లో అమ్ముదామని చెల్లెలు అంటే ఒప్పుకోవడమే గొప్ప. ఇక పేరు పెట్టడం మిగిలింది.

కొట్టు వెనక గదిలో ఇస్త్రీబల్ల చుట్టూ ముగ్గురూ కూర్చున్నారు: అక్క, చెల్లెలు, చెల్లెలి మొగుడు. మరిది ప్రింటింగ్ ప్రెస్సులో పనిచేస్తాడు. బొంతలకు కుట్టే చీటీలు అతనే అచ్చు వేసిపెడతానన్నాడు. గంటసేపు తర్జనభర్జన పడ్డాక చెల్లెలే అంది, "గోరువెచ్చ."

అక్క ఆ మాటను రెండుసార్లు పలికి చూసుకుంది. "బాగుంది. రేపు రిజిస్టర్ చేద్దాం."

మర్నాడు చూస్తే ఆ పేరు మీద వెబ్‌సైటు ఎవరో తీసేసుకున్నారు, ముందురోజు సాయంత్రమే. సరేలెమ్మని "కుదురు" అనుకున్నారు. అదీ తెల్లారేసరికి పోయింది.

"ఏదో అనుకోకుండా అలా జరిగింది లేక్కా," అంది చెల్లెలు.

"ఒకసారైతే అనుకోకుండా జరిగిందనుకోవచ్చు. రెండోసారి కూడానా?"

అక్క అనుమానమంతా మరిది మీదే. అతని నోట్లో నువ్వుగింజ నానదు. ప్రెస్సుకు రోజూ నలుగురు వ్యాపారులు వస్తారు. ఎవరి చెవిన వేశాడో ఏమో. ఆ రోజు నుంచి అతను ఫోను తీస్తే ఆవిడ చేతిలో సూది ఆగిపోయేది. చీటీల పని కూడా చెప్పకుండా వేరే ప్రెస్సుకు ఇచ్చేసింది.

"ఏంటొదినా, చీటీలు బయట వేయిస్తున్నారట?" అని అతనే వచ్చి అడిగాడు.

"నీకు పని ఎక్కువైందని."

"ఎక్కువైందని ఎవరన్నారు?"

ఆవిడ తలెత్తకుండా కుడుతూనే ఉంది. అతను వెళ్ళిపోయాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టే ఉంది, లేకపోతే ఇంత దూరం వచ్చి అడగడమెందుకు, అనుకుంది.

అయినా రుజువు కావాలి. మరిదికి కబురు చేసి, "నూలుపోగు అని పెడుతున్నాం, ఎవరికీ చెప్పకు," అంది. చెల్లెలితో మాత్రం "దారపుండ, మీ ఆయనకు కూడా చెప్పకు," అంది. ఇద్దరికీ చెరొక పేరు చెప్పి, రెండు రోజులు ఆగింది.

మూడోనాడు ఫోనులో చూసింది. నూలుపోగు ఎక్కడిదక్కడే ఉంది, ఎవరూ తీసుకోలేదు. దారపుండ లేదు. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూసింది.

గదిలో చెల్లెలు మిషను తొక్కుతోంది.

"దారపుండ పోయింది," అంది అక్క.

"అయ్యో, అదీనా?"

"అది నీకొక్కదానికే చెప్పాను."

మిషను ఆగింది. చెల్లెలు బుకాయించలేదు. సూది కింద బట్టను సర్దుతూ అంది, "మూడూ నా దగ్గరే ఉన్నాయి."

"ఎందుకే?"

"పదకొండేళ్ళుగా ఈ కొట్లో కుడుతున్నాను. బోర్డు మీద నీ పేరు, కరెంటు బిల్లు మీద నీ పేరు. రిజిస్టర్ చేద్దాం అన్నావు కానీ, ఎవరి పేరు మీదో అనలేదు."

"అడగొచ్చుగా."

"అడిగితే ఏమనేదానివి?"

ఇద్దరి పేరు మీదా పెడదామనేదాన్ని, అనబోయింది అక్క. చివరికి, "నా పేరు మీదే పెట్టేదాన్ని," అంది.

చెల్లెలు తలూపి మళ్ళీ మిషను తొక్కింది. వారం రోజులు ఇద్దరి మధ్యా పనికి సంబంధించిన మాటలే నడిచాయి. ఎనిమిదో రోజున అక్కే కుర్చీ దగ్గరగా లాక్కుని, "గోరువెచ్చ అనే పెడదాం. ఇద్దరి పేర్లూ రాయి," అంది. చెల్లెలు రాస్తుంటే పక్కనే కూర్చుని ఒక్కో అక్షరం సరిచూసుకుంది. పాస్‌వర్డు మొదటి సగం తనది, రెండో సగం చెల్లెలిది. ఒకరు కొడుతుంటే ఇంకొకరు గోడ వైపు తిరగాలి.

మర్నాడు ప్రెస్సుకు తానే వెళ్ళింది. మరిది సిరా చేతులు తుడుచుకుంటూ ఎదురొచ్చాడు. సంగతంతా పెళ్ళాం చెప్పినట్టుంది, మొహంలో నవ్వు లేదు.

"చీటీలు నువ్వే వేయాలి," అంది వదిన.

అతను తెల్లకాగితం, పెన్నూ ఆవిడ ముందు పెట్టాడు. "పేరు రాసి కింద సంతకం చేయండి వదినా. తేదీ కూడా వేయండి. రేపు ఈ పేరు ఎక్కడికైనా పోతే నన్ననకూడదు."

ఆవిడ పేరు రాసి, సంతకం పెట్టి, తేదీ వేసి, కాగితం అతని వైపు జరిపింది.