ఆసు నొప్పి

"ఆసు పోసే ఆడదానికి భుజం నొయ్యకుంటె ఇంకేం నొస్తది?" అన్నది అత్త అండాలు, చెయ్యెత్తలేక సుమన పొద్దున్నే ఆసు ముందు కూలబడితే. ఆ నేతగాళ్ల ఊళ్లో భుజం నొప్పి లేని ఆడది లేదన్నది నిజమే. చీర పేకకు కావలసిన నూలును, అర్ధచంద్రంలా బిగించిన మేకుల మీదికి అటూ ఇటూ వేలసార్లు చెయ్యాడించి పోయాలి. మగ్గం గుంటలో కూర్చున్నవాడు నేతగాడు, చీరకు వాడి పేరు. ఆసు పెళ్లాం పని, దానికి పేరూ లేదు, కూలీ లేదు. అందుకే రెండేళ్లుగా ఆమె నొప్పిని ఎవరూ నొప్పి అనుకోలేదు. పాపం, సుమన కూడా అనుకోలేదు. అమ్మా అవ్వా పడ్డదే తనూ పడుతున్నాననుకుని పళ్ల బిగువున పోసింది. మొగుడు దయాకర్ అయితే "జర ఉడుకునీళ్లు పోసుకో, పోతది" అని తలెత్తకుండానే వైద్యం చెప్పేవాడు.

జడ వేసుకోవడానికి కూడా చెయ్యి లేవని రోజున ఒక్కతే నల్లగొండ దవాఖానకు బస్సెక్కింది. రక్తం తీశారు. ఎక్స్‌రే చాలదని ఎంఆర్ఐ మిషనులో అరగంట పడుకోబెట్టి, కదలొద్దన్నారు. పెళ్లయిన పదేళ్లలో పట్టపగలు అరగంట కదలకుండా ఉండమని ఆమెకు చెప్పినవాళ్లు లేరు. నవ్వొచ్చింది, ఆపుకున్నది.

మూడోనాడు డాక్టరమ్మ ఫిల్మును వెలుతురుకు పట్టింది. "గీడ చూడమ్మా, భుజం ఎముక గుండు. నున్నగ ఉండాలె, నీది కుంగిపోయింది. నీకు సికిల్ సెల్ ఉన్నది. అమ్మ, నాయిన ఇద్దరి నుంచి పుట్టుకతో వచ్చేది. రక్తకణాలు కొడవలి లెక్క వంగి అడ్డం పడితే, రక్తం అందక ఎముక చచ్చిపోతది. ఇంక ఆసు పోస్తే చెయ్యి దక్కదు. మీ ఇంటోళ్లందరికి పరీక్ష చేపియ్యి. అసలు ఇన్నొద్దులు ఎట్ల ఓర్చుకున్నవమ్మా?"

ఆ చివరి మాటకు సుమన కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. తనొక్కతే మోసిన నొప్పిని ఇంకో మనిషి కళ్లారా చూసింది.

ఇంట్లో చెబితే అండాలు మూతి తిప్పింది. "గీ రోగం మా ఇంట్ల లేదు. నీ పుట్టింటి నుంచి తెచ్చినవ్."

"నా పుట్టిల్లు నీ పుట్టిల్లే గద అత్తా. మా నాయిన నీ తోడబుట్టినోడు."

మేనరికం చేసుకున్న ఇల్లు అది. అండాలు ఫిల్మును తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "నాకు గూడ తుంటికాడ గుంజుతనే ఉంటది బిడ్డా. ముప్పై ఏండ్లాయె. అందరికీ ఉంటదనుకున్న," అన్నది మెల్లగా.

దయాకర్ మగ్గం దిగలేదు. "అదంత తర్వాత చూద్దాం. గీ చీరెకు ఆసు ఎవరు పోస్తరు మరి?"

వేరే రోజైతే ఆ మాటకు సుమన లేచి ఆసు ముందు కూర్చునేది. ఇవాళ ఫిల్మును కవరులో పెట్టి, బాగున్న చేత్తో దూలానికి చెక్కింది.

"రేపు అత్తను దవాఖానకు తోలుకపోతున్న. నా చెయ్యి నాకు కావాలె," అన్నది. "మగ్గం దిగు బావా. ఆసు ఎట్ల పొయ్యాలో చెప్త, వచ్చి కూసో."