కోసిన ముక్కల ఆట

ఆదివారం ఒంటిగంటలోపు కావలసిన పనులు: రెండు కిటికీలకూ దుప్పట్లు కట్టాలి. గోడ మీది అద్దం దించాలి. బల్బు మసి తుడవాలి. పల్లీలు వేయించాలి. చిన్నవాణ్ణి ఒకసారి బాత్రూమ్‌కు పంపాలి, లేకపోతే సరిగ్గా ఫైటింగు మధ్యలో లేస్తాడు.

మూడు పనులు ముగించి, మిగతావి భార్యకు వదిలి, ఆపరేటర్ రేకు డబ్బా తెరిచాడు. ఇరవై రెండేళ్లుగా సినిమా హాల్లో మిషను నడుపుతున్న చేతులవి. ఫిల్మ్ అంచులకు కోసుకుపోయి బొటనవేలి గోరు రెండుగా చీలింది. మిషను ఉండే కేబిన్ గోడకన్నంలోంచి తెర చూసి చూసి కుడికన్ను ఎప్పుడూ సగం మూసుకునే ఉంటుంది. ఇంట్లోని మిషను ఆయన సొంతంగా చేసుకున్నది: ఒక పాత కటకం, ఒక బల్బు, చేత్తో తిప్పే పిడి. దానికి మాట రాదు. హీరోకీ విలన్‌కీ ఏడ్చే తల్లికీ ఆయనే గొంతు.

డబ్బాలో ఉన్నవన్నీ కోసిన ముక్కలు. రోజుకు ఒక ఆట ఎక్కువ పడాలని మేనేజరు ప్రతి సినిమాలో అరగంట కోయించేవాడు. ఏది కోయాలో చెప్పేవాడు కాదు. మొదట్లో ఆపరేటర్ జనం కునికే చోట్లు కోసేవాడు. అయిదేళ్ల కిందటి ఒక మధ్యాహ్నం నుంచి, జనం పగలబడి నవ్వే చోట్లు కోయడం మొదలుపెట్టాడు.

ఆ మధ్యాహ్నం ఆయన కూతురు, అప్పుడు ఆరేళ్లది, కేబిన్ మెట్టు మీద కూర్చుని సినిమా చూస్తోంది. మేనేజరు దాన్ని రెక్క పట్టుకుని, బాల్కనీ జనమంతా చూస్తుండగా కిందికి దించాడు.

"టికెట్టుందా? లేదుగా మరి? ఇదేమైనా మీ నాన్న కట్టించిన హాలా?"

మిషను వదిలి కదలడానికి లేదు. కేబిన్ వెనక కిటికీలోంచి చూస్తే, పిల్ల గేటు దగ్గర ఎండలో నిలబడి ఉంది. ఆట ముగిసేదాకా అలాగే ఉంది. ఆ నెలలోనే ఇంట్లో మొదటి ఆట పడింది. ఊరికి ఎముకలు, నా పిల్లలకు కండ అనుకున్నాడు.

"ఈమధ్య సినిమాలన్నీ చప్పగా ఏడుస్తున్నాయేంటయ్యా?" అని మేనేజరు తల గోక్కునేవాడు.

"కాలం అలా ఉందండీ" అనేవాడు ఆపరేటర్.

ఆ ఆదివారం బల్బు వెలిగేసరికి తలుపు చప్పుడైంది. గుమ్మంలో మేనేజరు. నిరుడు ఉద్యోగం మానాక మనిషి సగమయ్యాడు. చొక్కాయే ఆయన్ని తొడుక్కున్నట్టుంది. పక్కన ఆరేళ్ల మనవరాలు. అప్పటికే చెప్పులు విడిచి, తలుపు సందులోంచి లోపలికి తొంగి చూస్తోంది.

"ఎక్కడా లేని నవ్వులన్నీ మీ ఇంట్లోనే ఉన్నాయని మీ చిన్నాడు బళ్లో చెప్పాడంట. అప్పట్నించీ ఒకటే గోల. కాస్త చోటిస్తే ఓ మూల కూర్చుంటాం."

ఈ ఘడియ కోసం ఆపరేటర్ అయిదేళ్లు ఆగాడు.

"టికెట్టుందా?"

మేనేజరు నవ్వాడు. ఆపరేటర్ నవ్వలేదు. చాప మీది పదకొండేళ్ల కూతురి మీద ముసలాయన చూపు పడింది. నవ్వు మెల్లగా ముఖంలోంచి దిగిపోయింది.

"నా మీద కోపం నా మీదే చూపించు. నేను బయట నించుంటా. దీన్ని కూర్చోనీ."

"లేదుగా మరి?" అన్నాడు ఆపరేటర్.

మేనేజరు మనవరాలిని ఎత్తుకుని ఎండలోకి వెళ్లిపోయాడు. ఆయన భుజం మీదుగా ఆ పిల్ల తలుపు వైపే చూస్తూ పోయింది.

"మీ పగకి ఆదివారమైనా సెలవు లేదా?" అంటూ భార్య పల్లీల గిన్నె ఠప్పున పెట్టింది.

ఆపరేటర్ అన్నిటికన్నా మంచి ముక్క ఎక్కించాడు. లావుపాటి జడ్జి కింద కుర్చీ విరిగే ముక్క అది. జడ్జి గొంతు పెట్టి కేక వేశాడు. చిన్నవాడు కూడా నవ్వలేదు.

"ఆ పాపేం చేసింది నాన్నా?" అంది కూతురు.

"నువ్వేం చేశావని నిన్ను ఎండలో..."

"అందుకే అడుగుతున్నా."

పిడి మీద ఆయన చేయి ఆగింది. ఆగిన బొమ్మ బల్బు వేడికి నడిమధ్యన గోధుమరంగు తిరిగి, బుడగలెత్తి, కరిగిపోయింది.

గురువారం మేనేజరు నిద్రలోనే పోయాడు. మనవరాలిని వాళ్లమ్మ వేరే ఊరు తీసుకుపోయిందట. మరుసటి ఆదివారం ఆపరేటర్ దుప్పట్లు కట్టి, చాప మీద ఒక చోటు ఖాళీగా ఉంచాడు.

ఆపరేటర్‌నూ మేనేజరునూ మీరు మరిచిపోయినా ఫర్వాలేదు. ఆ పాపను మాత్రం గుర్తుంచుకోండి. ఆ చిన్న చెప్పులు ఇప్పటికీ గుమ్మం పక్కనే, ముందువైపు ఇంట్లోకి తిరిగి ఉన్నాయి.