టోపీ లేని రోజున నేను

నేను ఒక టోపీని. విమానం నడిపేవాళ్లు పెట్టుకునే నల్ల టోపీని. సికింద్రాబాద్‌లో యూనిఫాంలు కుట్టే దుకాణంలో పుట్టాను. నన్ను కుట్టినాయన ఒకసారి తన తలమీదే పెట్టుకుని, అద్దంలో చూసుకుని నవ్వి, తీసి అట్టపెట్టెలో పెట్టేశాడు. మనుషుల భాషలో టోపీ పెట్టడమంటే మోసం చేయడమట. ఆ నింద మోస్తూనే కెప్టెన్ నీలాద్రి తలకెక్కాను.

కొత్తలో ఆయనా రోజూ అద్దం చూసుకునేవాడు. తర్వాత మానేశాడు. కంపెనీ జీతాల్లో కోత పెట్టింది, ఒక విమానం దిగాక మరోటి ఎక్కేలోపు ఇచ్చే విశ్రాంతినీ తగ్గించింది. ఇంటికొచ్చి మేజోళ్లు విప్పకుండానే పడుకునేవాడు. భార్య సుభద్ర ఏమడిగినా "ఊఁ" అనేవాడు. అందులో కోపమూ లేదు, బాధా లేదు. గుమ్మం పక్కన కొక్కేనికి వేలాడుతూ ఆ "ఊఁ" వినీ వినీ నేనూ మొద్దుబారిపోయాను. పొద్దున్నే బూట్లు, బ్యాగు, నేను. ఆ వరసలో ఆయన చేతులు వాటంతటవే కదిలేవి.

పైలట్ల సంఘానికి ఆయనే కార్యదర్శి. నేరుగా సమ్మెకు దిగితే ప్రయాణికులు అవస్థపడతారని, ముందుగా ఒక రోజు అందరూ టోపీలు లేకుండా డ్యూటీకి రావాలని చెప్పింది ఆయనే. ఆ రోజే యాజమాన్యంతో చర్చలు. ఒక్క తలమీద టోపీ కనిపించినా మనలో మనకే పొత్తు లేదని తోసిపారేస్తారని హెచ్చరించిందీ ఆయనే.

ఆ పొద్దున బూట్లు వేసుకున్నాడు, బ్యాగు అందుకున్నాడు, నన్ను తలమీద పెట్టుకున్నాడు. నాకు నోరుంటే అరిచేదాన్ని.

విమానాశ్రయంలో పైలట్ల గది నిండా ఉత్త తలలే. ఆయనతో కలిసి ఎగిరే కో-పైలట్ దివిజ ఎదురొచ్చి నిలబడింది.

"గిదేంది కెప్టెన్? మమ్మల్ని పెట్టుకోవద్దని చెప్పి మీరే పెట్టుకొచ్చిన్రా? కంపెనీతోని కలిసిపోయిన్రా?"

"ఏం పెట్టుకొచ్చాను?" అన్నాడు నీలాద్రి. ఆమె చూపు వెంట చెయ్యి పైకెత్తి నన్ను తడిమాడు. వేళ్లు నామీదే ఆగిపోయాయి. చల్లగా ఉన్నాయి.

ఈలోపు మేనేజర్ ముకుందంగారు నవ్వుతూ వచ్చారు. "మీ కార్యదర్శే మా వైపు ఉన్నారు. ఇక చర్చలెందుకండీ? పదండి కెప్టెన్, ఢిల్లీ విమానం సిద్ధంగా ఉంది."

నీలాద్రి నన్ను తీసి బల్లమీద పెట్టాడు.

"ఇది ఎప్పుడు పెట్టుకున్నానో నాకు తెలీదు సార్. తలమీద ఏముందో తెలియనివాణ్ని, అంతమందిని ఎక్కించుకుని పైకెలా వెళ్లను? ఇవాళ నేను విమానం నడపలేను. రాసిస్తాను."

గొంతు కూడా పెంచలేదు. కుర్చీలో కూర్చుని కాగితం ముందుకు లాక్కున్నాడు. దివిజ వచ్చి ఆయన పక్క కుర్చీలో కూర్చుంది. "నేను గూడ రాసిస్త సార్. నాకు గూడ నిద్ర చాలలే." తర్వాత ఒక్కొక్కరే కూర్చున్నారు. ఆ రోజు విమానాలు కదల్లేదు.

చర్చలు జరిగాయి. జీతాల సంగతి నానబెట్టారు గానీ, విశ్రాంతి వేళలు మాత్రం పాతవే తిరిగొచ్చాయి. నీలాద్రిని ఉద్యోగంలోంచి తీసేశారు. విమానం నడపలేనని తనే రాసిచ్చాడు కదా అన్నారు. మనుషులకు నిజం చెప్పమని పిల్లలకు నేర్పడం మహా ఇష్టం.

నేను బల్లమీదే మిగిలిపోయాను. ఊడ్చేవాళ్లెవరో తెచ్చి, ప్రయాణికులు మరిచిపోయిన వస్తువుల గదిలో గొడుగుల పక్కన పడేశారు. ఒకరోజు నీలాద్రి తన గుర్తింపు కార్డు అప్పగించడానికి వచ్చాడు. ఆ గది చూసుకునే యాదగిరి పిలిచాడు.

"సార్, దీంట్ల మీ పేరుంది. తీస్కపోండ్రి."

"ఉండనీ యాదగిరీ," అన్నాడు. "దివిజ కనిపిస్తోందా?" అని అడిగాడు.

"పొద్దుగాలనే కనవడ్డది సార్. మంచిగ నిద్ర వోయినట్టుంది, మొఖం తేటగ ఉండె."

"ఊఁ," అన్నాడు నీలాద్రి.

వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర, నన్ను సర్దుకోవడానికి అలవాటుగా తలమీదికి చెయ్యెత్తాడు. వేళ్లకు జుట్టే తగిలింది. ఆ చెయ్యి కాసేపు అక్కడే ఉండిపోయింది.