బామ్మకి మసి పూసిన వారం

రిటైరైన టికెట్ల గుమాస్తాగారికి లోకంలో రెండే కోరికలు. ఒకటి కొడుకు పెళ్ళి. అది ఈమధ్యే తీరి కోడలు ఇంటికొచ్చింది. రెండోది, ఓడలూ రైళ్ళూ విమానాల బుల్లి నమూనాలకి ఏటా జరిగే పోటీలో మైకు పట్టుకున్న మనిషి తన పేరు చదివి "పెద్ద కప్పు" అనడం. ఇది మాత్రం ఎన్నేళ్ళయినా తీరడం లేదు. ఎందుకంటే అదే ఊళ్ళో ఒక పళ్ళ డాక్టరు ఓడలు కడుతున్నాడు.

డాక్టరు ఓడ అరచేతిలో పట్టేంత ఉన్నా దానికి నిచ్చెనలు, తాళ్ళు, లంగరు, వంటగది పొగగొట్టం అన్నీ ఉంటాయి. "మనుషుల నోళ్ళలో పెట్టే మరతో ఓడలకి కన్నాలు పొడుస్తున్నాడు, ఇదేం న్యాయం?" అని గుమాస్తాగారి ఏడుపు. ఒక ఏడాది డాక్టరు ఓడకి తెరచాపలు వాళ్ళావిడ కుట్టిపెట్టిందని తెలిసింది. ఇంకేముంది, గుమాస్తాగారు పోటీ నడిపే సంఘం మీటింగులో బల్ల గుద్ది మరీ ఒక నియమం పెట్టించారు. పెద్ద కప్పుకి వచ్చే నమూనా మొదటి మేకు నుంచి చివరి రంగుదాకా ఒక్క చేతి పనే అయ్యుండాలి. ఇంకో చెయ్యి పడిందా, అది హాలు చివర "ఉమ్మడి పని" బల్ల మీదికి పోతుంది. అక్కడ కప్పూ లేదు, మైకూ లేదు. డాక్టరు మరుసటి ఏడు తెరచాపలు లేని ఓడ కట్టి, మళ్ళీ కప్పు పట్టుకుపోయాడు.

ఈసారి మాత్రం గుమాస్తాగారి దగ్గర బామ్మ ఉంది.

బామ్మ అంటే, ఆయన టికెట్లమ్మిన కిటికీకి ఎదురుగా వ్యాగన్లని అటూ ఇటూ తోస్తూ బతికిన పాత బొగ్గింజను. స్టేషన్లో అందరూ దాన్ని అలాగే పిలిచేవారు. దగ్గేది, ఆయాసపడేది, ఎవర్నో తిట్టుకుంటున్నట్టు ఉస్సుమని ఆవిరి వదిలేది. పని మాత్రం ఎగ్గొట్టేది కాదు. గుమాస్తాగారు ఉద్యోగం చేసినన్నాళ్ళూ దాన్ని కిటికీలోంచి చూశారు. కిటికీలోంచి కాబట్టి ఎడం పక్కే చూశారు. "లేచి నాలుగడుగులు వేస్తే రెండో పక్క కనిపించేది కదండీ" అని వాళ్ళావిడ అంటే, "కౌంటరు వదిలి ఎలా వెళ్తానే?" అని కోప్పడేవారు.

ఇప్పుడా బామ్మని ఇత్తడి రేకుతో, ప్లాస్టిక్కుతో జానెడు పొడుగున కట్టారు. నల్లరంగు వేశారు. అసలు పని ఆ తర్వాతే మొదలైంది. నల్లరంగు ఎవరైనా వేస్తారు. ఆ నలుపు మీద మసి వేరుగా, తుప్పు వేరుగా, నూనె జిడ్డు వేరుగా, నీళ్ళు కారిన చార వేరుగా కనిపించాలి. సుద్ద పొడులు, పల్చటి నూనె రంగులు, చీమ మీసమంత కుంచె పట్టుకుని ఆయన వానాకాలమంతా బామ్మని మురికి చేస్తూ కూర్చున్నారు. ఇక ఒక్క పనే మిగిలింది. ఆ మసి చెదరకుండా పైన వార్నీషు పట్టించాలి. తడిగాలిలో వేస్తే వార్నీషు తెల్లగా పాలిపోతుంది. అందుకని వాన తెరిపివ్వాలని చూస్తున్నారు.

కోడలు ఫోటో స్టూడియోలో మేకప్ వేస్తుంది. మచ్చలు మాయం చేయడం, కళ్ళ కింద నలుపు కప్పెయ్యడం ఆ పిల్లకి మంచినీళ్ళ ప్రాయం. ఇంట్లో అందరికీ నచ్చాలని ఆరాటం కూడా ఎక్కువే. మామగారి పనిబల్ల ఉన్న గదిలో దేన్నీ ముట్టుకోకూడదని ఆ పిల్లకి ఎవరూ చెప్పలేదు. కొడుకు చెప్పి ఉంటాడని తండ్రి, తల్లి చెప్పి ఉంటుందని కొడుకు అనుకున్నారు.

పోటీ ఇంకో వారం ఉందనగా గుమాస్తాగారు బ్యాంకు నుంచి వచ్చేసరికి కోడలు గుమ్మంలోనే ఎదురైంది. మొహం వెలిగిపోతోంది.

"మామయ్యగారూ, కళ్ళు మూసుకోండి. చెప్పేదాకా తెరవకూడదు."

కొత్త కోడలు ముచ్చటపడి అడిగితే కాదంటారా? మూసుకున్నారు. చెయ్యి పట్టుకుని నడిపించింది. తలుపు కిర్రుమంది. అది ఏ గది తలుపో ఆయనకి బాగా తెలుసు.

"ఇప్పుడు చూడండి!"

బల్ల మీద బామ్మ నిగనిగలాడుతోంది. పక్కన గిన్నె నిండా నల్లబడ్డ దూది.

"ఎంత మురికి పట్టిందో మామయ్యగారూ! పొద్దుట్నుంచీ ఇదే పని. మేకప్ తీసే నూనె రాసి, దూది పుల్లలతో తుడిచాను. చక్రాల సందుల్లో కూడా చూడండి, రవ్వంత మసి కనిపిస్తే అడగండి!"

గుమాస్తాగారు చూశారు. రవ్వంత కూడా లేదు. వానాకాలమంతా ఊపిరి బిగబట్టి వేసిందంతా గిన్నెలో ఉంది.

"బాగుందమ్మా," అన్నారు చివరికి. "చాలా... శుభ్రంగా ఉంది."

అనేసి గబగబా డాబా ఎక్కి, నీళ్ళ ట్యాంకు చుట్టూ తిరగడం మొదలుపెట్టారు. తిట్టడానికి డాక్టరైనా ఎదురుగా లేడు. కింద నుంచి మాటలు మెట్ల మీదుగా వినిపిస్తూనే ఉన్నాయి.

"అయ్యో పిచ్చితల్లీ, అది మురికి కాదే," అంటోంది వాళ్ళావిడ. "మీ మామయ్య వేసిన రంగు."

"మురికిని... రంగులతో వేశారా?"

"వానాకాలమంతా వేశారు. నువ్వేం బెంగపడకు. నా పెళ్ళయిన కొత్తలో నేనూ ఆయన విమానాన్ని సబ్బు పెట్టి కడిగేశాను. నెల్లాళ్ళు నాతో మాట్లాడలేదు. నీతో బాగుందన్నారంటే నువ్వు అదృష్టవంతురాలివే."

కాసేపటికి కోడలు డాబా మీదికొచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, చేతిలో మేకప్ పెట్టె ఉంది.

"నేను చెరిపాను, నేనే వేస్తాను మామయ్యగారూ."

"వద్దులేమ్మా. ఈ ఏటికి పోటీ మానేస్తాను. ప్రాణం పోదుగా."

"పోతున్నట్టే ఉంది మీ మొహం చూస్తే."

ఆయనకి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ట్యాంకుకి ఆనుకుని లెక్క వేసుకున్నారు. ఉన్న వారంలో ఒక్కరూ చేస్తే ఒక పక్కే అవుతుంది. రెండో పక్కకి ఇంకో చెయ్యి కావాలి. ఇంకో చెయ్యి పడితే నియమం ఉంది. ఆ నియమం పెట్టించింది ఎవరు? తనే.

"ఎవరికి తెలుస్తుంది?" అంది కోడలు, ఆయన మనసులో మాట విన్నట్టు. "ఇంట్లో మాటేగా. నేను నోరు విప్పను."

గుమాస్తాగారు గడ్డం గోక్కున్నారు. నియమంలో మేకు అని ఉంది, రంగు అని ఉంది. మసి అని లేదు. మసి రంగు కిందికి వస్తుందా? రాదని తనకి తనే తీర్పు చెప్పుకుని మెట్లు దిగారు. కప్పు మీద ఆశ మనిషిని లాయర్ని చేస్తుంది.

ఎడం పక్క ఆయన, కుడి పక్క కోడలు. బల్లకి అటొకరు ఇటొకరు కూర్చున్నారు. మొదటిరోజు ఆయన పాఠం చెప్పారు. "చూడమ్మా, ఎక్కడపడితే అక్కడ పూసేస్తే మసి కాదు, బూడిద. ప్రతి మరకకీ ఓ కారణం ఉండాలి. ఇక్కడ మూత కారుతుంది కాబట్టి చార. ఇక్కడ బొగ్గు పోస్తారు కాబట్టి పొడి."

"మొహాలకీ అంతే కదా మామయ్యగారూ. ఎందుకు వచ్చిందో తెలియకుండా మచ్చని కప్పలేం."

ఆ పిల్ల తన పెట్టె తెరిచింది. కనురెప్పలకి వేసే పొడులు, గోధుమరంగులో ఎన్ని ఛాయలో! గుమాస్తాగారు మొదట మొహం చిట్లించారు. బామ్మకి కనురెప్పల రంగేమిటి? సాయంత్రానికల్లా ఆయనే చెయ్యి చాచారు. "ఆ తుప్పు రంగుది ఇలా ఇయ్యి." మర్నాడు వాళ్ళావిడ కాఫీ తెచ్చి గుమ్మంలో నిలబడి, "ఇన్నాళ్ళూ నా పౌడరు డబ్బా ముట్టుకోడానికి కూడా సిగ్గుపడిన మనిషి" అని గొణుక్కుంటూ పోయింది.

కోడలు ఊరికే పుయ్యదు. ప్రశ్నలతో చంపేస్తుంది. డ్రైవరు ఏ కాలు ముందు పెట్టి ఎక్కేవాడు? బొగ్గు వేసేవాడు ఎడమచేతి వాటమా? కుడి పక్క సంగతి అడిగితే గుమాస్తాగారు ఒప్పేసుకున్నారు. "నాకు తెలీదమ్మా. అటుపక్క నేనెప్పుడూ చూడలేదు."

"మీ దగ్గరున్న పాత ఫోటోలో అటుపక్క మసి తప్ప ఏం కనపడట్లేదు. అయితే నేనే ఆలోచిస్తాను," అంది. ఆలోచించి, అప్పటిదాకా వేసిన మసిలో ఒకచోట మళ్ళీ తుడవడం మొదలుపెట్టింది. ఎక్కే మెట్టు పక్కన, చేత్తో పట్టుకునే సన్నటి కడ్డీ మీద.

"అయ్యయ్యో, మళ్ళీ తుడుస్తున్నావేమ్మా!" అని ఆయన లేచి నిలబడ్డారు.

"రోజూ నలుగురు పట్టుకుని ఎక్కితే అక్కడ మసి ఎలా నిలుస్తుంది మామయ్యగారూ? మా స్టూడియో తలుపంతా దుమ్మే, పిడి మాత్రం తళతళలాడుతుంది."

గుమాస్తాగారు అటువైపు వంగి చూశారు. మసి బారిన బామ్మ ఒంటి మీద ఆ చిన్న కడ్డీ ఒక్కటే మెరుస్తోంది. ఇప్పుడే ఎవరో చెయ్యి వేసి ఎక్కినట్టుంది. ఆయన తిరిగి వచ్చి తన కుర్చీలో కూర్చున్నారు. ఎడం పక్క కడ్డీని తనెప్పుడూ నల్లగానే వదిలేశానని ఆయనకి అప్పుడు తట్టింది. సిగ్గేసింది, సంతోషమూ వేసింది. పోటీకి ముందురోజు ఎండ కాసింది, వార్నీషు చక్కగా పట్టింది.

పోటీ బడి హాల్లో జరిగింది. పైనుంచి దారాలతో విమానాలు వేలాడుతున్నాయి. బల్లల మీద ఓడలు, వంతెనలు, రైళ్ళు. డాక్టరు ఈసారి తుప్పుపట్టిన పెద్ద సరుకు ఓడని తెచ్చాడు. గుమాస్తాగారిని చూసి "పళ్ళెలా ఉన్నాయండీ?" అని పలకరించాడు. "కొరకడానికి సిద్ధంగా ఉన్నాయి," అన్నారు ఈయన. కోడలు మామగారి వెనకాల బుద్ధిగా నిలబడింది.

తీర్పు చెప్పడానికి వచ్చినావిడ నుదుటికి భూతద్దం కట్టుకుని ఒక్కో బల్లా చూస్తూ వచ్చింది. బామ్మ దగ్గర ఆగింది. ఎడం పక్క చూసి తలాడించింది. కుడి పక్కకి వెళ్ళింది. అక్కడే ఉండిపోయింది.

"ఈ కడ్డీ!" అందావిడ. "అందరూ మురికి వెయ్యడం నేర్చుకుంటారు కానీ ఎక్కడ వెయ్యకూడదో ఎవరూ ఆలోచించరు. ఎన్నో ఏళ్ళుగా చూస్తున్నాను, ఇలాంటిది చూడలేదు. ఎడం పక్క బాగుంది. కుడి పక్క మాత్రం ప్రాణంతో ఉంది. నా మటుకు కప్పు ఇదేనండీ. ఎలా తట్టింది మీకు?"

ఇన్నేళ్ళుగా వినాలని చెవి కోసుకున్న మాట అది. హాల్లో సగంమంది ఇటు తిరిగారు. డాక్టరు కూడా తిరిగాడు. వేదిక మీద మైకు ఎర్రగుడ్డ కప్పుకుని ఉంది. వెనకనుంచి కోడలు ఆయన చొక్కా అంచు పట్టి లాగింది. తిరిగి చూస్తే, చెప్పొద్దన్నట్టు కళ్ళతోనే బతిమాలుతోంది. ఆ కళ్ళలో భయం లేదు. తనకి రావలసిన మెప్పు ఆయన తీసుకుంటారేమోనన్న బాధ అసలే లేదు. ఆయన గెలవాలని ఉంది, అంతే.

అది చూశాక గుమాస్తాగారికి ఆ కప్పు చేతికందినా పట్టుకోలేనని తెలిసిపోయింది.

"అది నా చేతి పని కాదండీ," అన్నారు.

"అంటే?"

"కుడి పక్కంతా మా కోడలు వేసింది. కడ్డీ ఆలోచన కూడా ఆ పిల్లదే. నాకు తట్టలేదు. బామ్మని ఉమ్మడి బల్ల మీదికి పంపించండి. నియమం నేను పెట్టిందే, దాని సంగతి నాకు తెలుసు."

"మామయ్యగారూ!" అంది కోడలు, ఏడుపు గొంతుతో.

"నువ్వూరుకో. చేసినవాళ్ళే చేశారని చెప్పాలి."

మనసు చివుక్కుమనలేదంటే అబద్ధం. అయినా బామ్మని తనే ఎత్తుకెళ్ళి హాలు చివరి బల్ల మీద పెట్టారు. కాసేపటికి మైకులో డాక్టరు పేరు పిలిచారు. చప్పట్లు కొట్టారు. గుమాస్తాగారు కూడా కొట్టారు, కాస్త గట్టిగానే. ఓడ నిజంగా బాగుంది మరి.

కానీ చప్పట్లు అయ్యాక జనం తమ తమ బల్లల దగ్గరికి పోలేదు. హాలు చివరికి వచ్చారు. భూతద్దం ఆవిడ వచ్చింది. విమానాలవాళ్ళు వచ్చారు. డాక్టరు కప్పు చంకలో పెట్టుకునే వచ్చి, "అమ్మా, ఓడ అంచున తుప్పు నాకెప్పుడూ బురదలా వస్తుంది, ఒక్కసారి చూపిస్తారా?" అని అడిగాడు. కోడలు మామగారి వైపు చూసింది. ఆయన తలూపారు. ఆ పిల్ల చేతిసంచీ ఆయన చేతిలో పెట్టి, పెట్టె తెరిచి, డాక్టరు ఓడ ముందు వంగి కూర్చుంది. చుట్టూ మూగినవాళ్ళలో గుమాస్తాగారు రెండో వరసలోకి, తర్వాత మూడో వరసలోకి వెళ్ళిపోయారు. కాలి మునివేళ్ళ మీద నిలబడితే తప్ప కోడలు కనిపించడం లేదు.

పక్కన ఎవరో కొత్తాయన, పెళ్ళాం సంచీ మోస్తున్న మొగుడనుకున్నాడో ఏమో, జాలిగా అడిగాడు. "మీరు కూడా ఏమైనా కడతారాండీ? ఇంతకీ మీరెవరు?"

గుమాస్తాగారు సంచీ భుజానికి తగిలించుకుని నిటారుగా నిలబడ్డారు.

"నేనా?" అన్నారు, మైకు అక్కర్లేకుండానే హాలంతా వినబడేట్టు. "నేను ఆ అమ్మాయి మామగారిని!"