తలాపున నిలబడే మనిషి

జకర్యా ఛాతీ మీద రెండు చెక్కముక్కలు పెట్టుకుని, అవి జారిపోకుండా పాత సైకిల్ ట్యూబుతో ఒళ్లు చుట్టూ బిగించి కట్టుకుని బెంచీ మీద పడుకుంటాడు. చూసినవాళ్లకు నవ్వొస్తుంది. నవ్వండి, తప్పేం లేదు. కానీ సంగతి వినండి. బరువుల రాడ్డును ఛాతీ దాకా దింపకుండా ఆ చెక్కల మీద ఆపి పైకి నెడితే, చేతులు చివరిదాకా చాపే బలం పెరుగుతుంది. బెంచ్ ప్రెస్‌లో పేరు మోసిన వాళ్లంతా చేసే సాధనే అది. కాకపోతే వాళ్లకు ఆ చెక్కలు పట్టుకోవడానికి పక్కన ఒక మనిషి ఉంటాడు. జకర్యాకు సైకిల్ ట్యూబు ఉంది.

ఒకప్పుడు అతనికీ మనిషే ఉండేవాడు. పేరు సారయ్య.

కొత్తగూడెం దగ్గర బొగ్గుగని కాలనీలో కమ్యూనిటీ హాలు వెనక గదిలో ఇద్దరూ పదహారేళ్లు కలిసి సాధన చేశారు. జకర్యా గని పైన వర్క్‌షాప్‌లో ఫిట్టరు. సారయ్య గని లోపల టింబర్‌మన్. అంటే బొగ్గు తవ్విన చోట పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని. వయసులో జకర్యా కంటే ఎనిమిదేళ్లు పెద్ద. బరువులు తను పెద్దగా ఎత్తేవాడు కాదు. జకర్యా తలాపున నిలబడి, రాడ్డును స్టాండు మీంచి లేపి అతని చేతుల్లో పెట్టేవాడు. "స్టార్ట్" అనేవాడు. రాడ్డు ఛాతీ మీద కదలకుండా ఆగాక "ప్రెస్" అనేవాడు. ఆ మాట వినపడేదాకా నెట్టకూడదు, పోటీలో అదే నియమం. ఇంతేనా అనిపిస్తుంది మనకు. నూట ముప్పై కిలోల ఇనుము ముఖం మీద ఊగుతున్నప్పుడు, వెనక నిలబడ్డవాడి ఊపిరి వినబడుతుంటేనే కింద ఉన్నవాడికి ధైర్యం.

రెండేళ్ల కిందట ఖమ్మంలో పెద్ద వయసు వాళ్ల రాష్ట్ర పోటీ జరిగింది. మూడో ప్రయత్నానికి జకర్యా నూట నలభై రెండున్నర పెట్టించాడు. లేస్తే బంగారు పతకం, నేషనల్స్. రాడ్డు సగం దాకా వచ్చి మందగించింది. ఆగలేదు, మందగించింది. అంతలో భుజంలోనో బెంచీలోనో ఎక్కడో "టక్" మంది. మరుక్షణం సారయ్య రెండు చేతులూ రాడ్డు కింద ఉన్నాయి.

రెఫరీ చెప్పకుండా ఎవరు ముట్టుకున్నా ఆ లిఫ్టు చెల్లదు. మూడు ఎర్రలైట్లు వెలిగాయి.

జకర్యా లేచి నిలబడి, హాలు నిండా జనం చూస్తుండగా అరిచాడు. "నీ చేతులిరగ! ఎవడు పట్టుకోమన్నడు నిన్ను? పైకి పోతుండె గద!"

"సప్పుడైంది జకర్యా" అన్నాడు సారయ్య.

"సప్పుడైతే? ఇదేమన్న గనా?"

గని కాదు, నిజమే. కానీ సారయ్య చేతులకు ఆ తేడా ఎవరు నేర్పారు? ముప్పై నాలుగేళ్లు పైకప్పును కర్రతో తట్టి, దుంగల మూలుగు వింటూ బతికినవాడు. దుంగ టక్ మంటే పక్కనున్న మనిషి కాలరు పట్టి ముందు లాగెయ్యాలి, ఎందుకని తర్వాత అడగాలి. అట్లా లాగబట్టే ముగ్గురు మనుషులు ఇవాళ పెళ్లాం పిల్లలతో అన్నం తింటున్నారు. ఎండలో, వెలుతురులో పనిచేసే ఫిట్టరు జకర్యాకు అదంతా విన్న కబురే తప్ప అనుభవం కాదు.

ఇద్దరూ ఒకే బస్సులో తిరిగొచ్చారు. ఒకరు ముందు సీట్లో, ఒకరు వెనక సీట్లో.

ఇక అక్కడినుంచి పంతం. "తప్పైంది" అని సారయ్య అనాలని జకర్యా. అనడే! తను పట్టిన కుందేటికి మూడే కాళ్లన్న రకం జకర్యా. ఆదివారం చర్చిలో పాస్టరుగారు క్షమాపణ మీద వాక్యం చెబితే అందరికంటే గట్టిగా ఆమెన్ అనేవాడు; బయటికొచ్చి సారయ్య క్వార్టరు ముందునుంచి కాకుండా చుట్టూ తిరిగి ఇంటికి పోయేవాడు. "సారన్నా, రా" అంటే అయిపోయే పని. ఆ రెండు మాటలు అతని నోట్లోంచి రాలేదు. పది నెలలకు సారయ్య రిటైరయ్యాడు. శాలువా కప్పి పంపిన రోజు జకర్యా కావాలని డ్యూటీ మార్చుకుని వర్క్‌షాప్‌లో కూర్చున్నాడు. సారయ్య, భార్య అనంతమ్మ సామాను ఆటో ట్రాలీలో వేసుకుని జూలూరుపాడు దగ్గర సొంతూరికి వెళ్లిపోయారు.

జకర్యా భార్య సవరమ్మ పోయి నాలుగేళ్లు. కూతురు జెస్సికా హైదరాబాద్‌లో నర్సు, ఆదివారం ఫోన్ చేస్తుంది. తిన్నావా నాయనా అంటుంది, తిన్నా బిడ్డా అంటాడు. మిగతా ఆరు రోజులు ఇంట్లో అతనితో మాట్లాడేది కుక్కరు ఒక్కటే.

అందుకే సాధన మానలేదు. మానితే సోమవారానికీ గురువారానికీ తేడా ఉండదు. సోమవారం బరువు రోజు, తక్కువసార్లు, ప్రతిసారీ ఛాతీ మీద పూర్తిగా ఆపి. గురువారం వేగం రోజు, కాస్త తక్కువ బరువును చకచకా నెట్టడం. రాడ్డు రెండు చివర్లా పాత ఇనుప గొలుసులు వేలాడదీస్తాడు. కిందికి దించుతుంటే గొలుసులు నేల మీద పోగుపడి బరువు తగ్గుతుంది, పైకి నెడుతుంటే ఒక్కో లంకె లేచి బరువు పెరుగుతుంది. ఇవన్నీ ఫోన్లో చూసి నేర్చాడు. "ప్రెస్" అనడానికి మనిషి లేడు కనుక తనే మనసులో అనుకునేవాడు. మన మనసు మన కోసం కాస్త తొందరగానే అంటుంది కదా, అదొక బాధ. బెంచీకి అటొకటి ఇటొకటి చెక్క దుంగలు నిలబెట్టుకున్నాడు, రాడ్డు జారితే వాటి మీద పడాలని. ఇనుప ప్లేట్లు జారకుండా బిగించే క్లిప్పులు పెట్టేవాడు కాదు. ఒంటరిగా ఎత్తేవాళ్ల జాగ్రత్త అది. లేవకపోతే ఒక పక్కకు వంచితే ప్లేట్లు జారి పడిపోతాయి, ప్రాణం దక్కుతుంది.

ఈ మార్చిలో పోటీకి మూడు వారాలుందనగా ఒక గురువారం, రాత్రి డ్యూటీ దిగి నిద్రపోకుండా నేరుగా హాలుకు వచ్చాడు. వెనకటి వారం గొలుసులు జారి పాదం మీద పడబోయాయని ఆ రోజు క్లిప్పులు బిగించాడు. గొలుసులకు అడ్డమొస్తున్నాయని దుంగలను కాస్త అటు జరిపాడు. ఏడో సెట్టులో కుడిచెయ్యి ఉన్నట్టుండి చచ్చుబడింది. నూట పది కిలోలు వచ్చి ఛాతీ మీద కూర్చున్నాయి.

పొట్ట మీదికి దొర్లిద్దామంటే గొలుసు దుంగకు చుట్టుకుంది. పక్కకు వంచుదామంటే క్లిప్పులు. కాళ్లు తన్నుకున్నాడు. ఊపిరి సగం సగం వస్తోంది, సగం సగమే పోతోంది. పైన ఫ్యాను నింపాదిగా తిరుగుతోంది. నేను ఇక్కడ చచ్చిపోతే ఆదివారం జెస్సికా ఫోన్ చేసేదాకా ఎవరికీ తెలియదు కదా అనుకున్నాడు. ఏడుపొచ్చింది. ఏడవడానికి కూడా ఊపిరి చాలలేదు.

ఎనిమిది కావస్తుండగా హాలు ఊడ్చే గంగక్క చీపురు పట్టుకుని వచ్చింది.

"ఓ నాయనో! ఏందయ్యా గిది!" అని చీపురు విసిరేసి రాడ్డు పట్టి లాగింది. కదిలితేనా!

"క్లిప్పు... క్లిప్పు పీకు" అన్నాడు జకర్యా.

ఆమె రెండు చేతులతో పీకింది, అతను అటు వంచాడు. ఒక పక్క ప్లేట్లన్నీ నేల మీద ఢమాల్న పడ్డాయి, రాడ్డు రెండో వైపుకు ఒరిగిపోయింది. జకర్యా కిందికి జారి నేల మీద కూర్చుని దగ్గాడు. గంగక్క నీళ్లు తాగించి, వీపు నిమిరి, తన గుండె తను పట్టుకుని కూలబడింది.

"నేనొచ్చేటాల్లకు సారన్నా, సారన్నా అంటున్నవ్. గాయన ఊరికి పోయి ఏడాది దాటె గదయ్యా. ఏసయ్యనన్న పిలవాలె గని, లేనోన్ని పిలుస్తరా ఎవరన్న?"

తను పిలిచినట్టు జకర్యాకు అప్పటిదాకా తెలియదు.

దవాఖానాలో ఫోటో తీసి ఎముకలు విరగలేదన్నారు. శనివారం జకర్యా బస్సెక్కి జూలూరుపాడులో దిగి, ఆటోలో సారయ్య ఊరికి పోయాడు. ఇంటి ముందు ఎండబోసిన మిరపకాయల దగ్గర కూర్చుని సారయ్య తాలు కాయలు ఏరుతున్నాడు. బాగా చిక్కిపోయాడు. తలెత్తి చూసి, చేతిలో కాయలు చేతిలోనే పట్టుకుని ఉండిపోయాడు.

"ఏంది, గిట్లొచ్చినవ్?"

జకర్యా షర్టు గుండీలు విప్పాడు. ఛాతీకి అడ్డంగా బెత్తెడు వెడల్పున నల్లగా కమిలి ఉంది.

"రాడ్డు పడ్డదన్నా. పది నిమిషాల దాంక అట్లనే ఉన్న."

"ఒక్కనివే పండుకున్నవారా దాని కింద? క్లిప్పులు గూడ పెట్టినవా?"

"గొలుసులుండె..."

"గొలుసులట గొలుసులు! యాభై నాలుగేండ్లొచ్చినయ్, అడ్డగాడిద లెక్క! సస్తే ఎవడు జూస్తడనుకున్నవ్?" సారయ్య కాయలు పడేసి లేచొచ్చి కమిలిన చోట మెల్లగా వేళ్లు ఆనించి చూశాడు. మంచం వాల్చి కూర్చోమన్నాడు.

జకర్యా బస్సులో నలభైసార్లు అనుకున్న మాట ఒక్క గుక్కలో అనేశాడు. "నువ్వు మళ్ల రావాలె సారన్నా. పట్టుకుంటె పట్టుకో. ఎర్రలైట్లు పడ్తె పడనీ. నాకు పతకమొద్దు. తలాపున నువ్వుండాలె."

సారయ్య తలుపు వైపు చూపించాడు. లోపల మంచంలో అనంతమ్మ పడుకుని ఉంది.

"సంకురాత్రి ముంగట పక్షవాతమొచ్చె. ఎడమ పక్కంత పోయింది, మాట గూడ పోయింది. ముద్ద పెట్టాలన్నా, పక్క మార్చాలన్నా నేనే. ఒక్క పూట ఇడిసి రాలేను జకర్యా."

"నాకు తెల్వదన్నా."

"నీకెట్ల తెలుస్తది? అడిగితే గద." సారయ్య మిరపకాయల వైపు చూస్తూ అన్నాడు. "గా ఖమ్మం నుంచి వచ్చినంక నేను రిటైరయ్యేదాంక పది నెలలు. సోమారం, బేస్తారం నువ్వు రాడ్డు కిందికి పోయినప్పుడల్ల నేను హాలెనక కిటికీ కాడ నిలబడి ఉన్న. వానల గూడ. ఆఖరి సెట్టు అయినంకనే ఇంటికి పోయెటోన్ని. నువ్వు ఒక్కపారి పిలిస్తే లోపలికొద్దునురా. పది నెలలు. ఒక్కపారన్న పిలిచినవా?"

పది నెలలూ ఒంటరిగా ఎత్తుతున్నానని జకర్యా అనుకున్నాడు. ఒక్కడినే అని ఊరంతా చెప్పుకున్నాడు కూడా.

"పిలిచిన" అన్నాడు చివరికి.

"ఎప్పుడు?"

"మొన్న. రాడ్డు కింద."

సారయ్య ముఖం ముడుచుకుపోయింది. "మొన్న పిలిస్తే నాకెట్ల ఇనవడ్తదిరా" అని, మోచేత్తో కళ్లు గట్టిగా తుడుచుకున్నాడు.

లోపల్నుంచి అనంతమ్మ మాట కాని మాటతో, సన్నగా మూలిగింది.

"వస్తున్న, వస్తున్న" అంటూ సారయ్య పరుగున లోపలికి పోయాడు. వాకిట్లో మంచం మీద జకర్యా ఒక్కడే కూర్చుని ఉన్నాడు.