గట్టు అక్కర్లేని కారు

"స్టార్టర్ మోటారుకేం కాలేదండీ అమ్మాయిగారూ, తప్పంతా ఈ తీగదే!" అని మెకానిక్ వీరబ్రహ్మంగారు బానెట్ కిందనుంచి తలెత్తి చెప్పగానే నాకు గంతెయ్యాలనిపించింది. మోటారు పోయుంటే కారు అమ్మేస్తానని మామయ్యగారు పొద్దున్నే తేల్చేశారు మరి.

పెళ్ళయిన ఈ రెండు నెలలూ ఎక్కడికెళ్ళినా కారు కాలవగట్టు మీదే ఆపాం. తాళం తిప్పితే స్టార్టయ్యేది కాదు, వాలులోకి నెట్టాల్సిందే; మా కోనసీమలో వాలు దొరికేది అక్కడే. మా ఆయన శశిభూషణ్ స్టీరింగ్ పట్టుకుంటే, నేను పట్టుచీర దోపుకుని వెనకనుంచి నెట్టేదాన్ని. గట్టు లేని ఊళ్ళలోని చుట్టాలను ఇంకా చూడనేలేదు!

ఇందాక నేనే ఆయనతో, "హెడ్‌లైట్లు వేసి తాళం తిప్పండి" అన్నాను. తిప్పగానే లైట్లు ఆరిపోయాయి. బ్యాటరీ కొత్తదే కాబట్టి, కరెంటు దారిలో ఎక్కడో ఆగిపోతోందన్నాను. వీరబ్రహ్మంగారు ఎర్త్ తీగ విప్పి చూస్తే, కొసంతా తుప్పే.

గరుకు కాగితంతో రుద్ది, నట్టు బిగించారు. తాళం తిప్పగానే కారు గుర్రుమంది.

"ఏదీ, ఆపి మళ్ళీ తిప్పరా" అన్నారు అరుగు మీదనుంచి మామయ్యగారు. మూడుసార్లు తిప్పించి, నవ్వేశారు. "సర్లే, ఉంచుకోండి."

"నీ బీయస్సీ ఫిజిక్సు కారు నెట్టడానికే అనుకున్నానోయ్" అన్నారు ఈయన.

"నెట్టించుకున్నది చాలు గానీ, రేపు యానాం వెళ్దామండీ. దారిలో ఎక్కడ చదునుగా ఉంటే అక్కడల్లా ఆపాలి!"